మాత్ర మానాలంటే మెట్టు మెట్టుగా దిగాలి

పదిహేను రోజులకని డాక్టరు రాసిన మాత్ర పదిహేనేళ్ళయినా కొన్ని ఇళ్ళలో దిండు కిందే ఉంటుంది. ఇంటి పెద్దాయన పోయినప్పుడో, కూతురి సంబంధం చెడినప్పుడో, కొడుకు గల్ఫ్ వెళ్ళిన కొత్తలోనో గుండెదడగా ఉందని, నిద్ర పట్టడం లేదని వెళితే డాక్టరు గారు రాత్రిపూట వేసుకోమని చిన్న బిళ్ళ ఒకటి రాస్తారు. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. నెల తిరిగేసరికి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళే ఓపిక ఉండదు, పాత చీటీ చూపిస్తే తెలిసిన షాపులో మాత్ర దొరికిపోతుంది. ఏళ్ళు గడుస్తాయి. అది ఎందుకు మొదలైందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ‘దాదీమా నిద్రమాత్ర’ అన్న పేరు మాత్రం మిగులుతుంది.

అలాంటి ఇంట్లో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ‘ఇక చాలు’ అంటారు. రంజాన్ దగ్గర పడుతున్నప్పుడు ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. “అమ్మీ, ఇది మత్తు మందేనట. రోజాలు ఉంటూ ఇదెందుకు మీకు? నెలవంక కనిపించిన రోజునుంచి మానేయండి” అని కొడుకు అంటాడు. తల్లికీ సిగ్గనిపిస్తుంది. స్ట్రిప్పు తీసి చెత్తబుట్టలో పడేస్తుంది. కొడుకు ఉద్దేశం మంచిదే, తల్లి పట్టుదలా మెచ్చుకోదగిందే. కాని ఆ పద్ధతి ప్రమాదకరమైంది. ఈ రకం మాత్రలను చాలాకాలం రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు, అరుదుగా ప్రాణం మీదికీ రావచ్చు. మానాలనుకోవడం మంచిదే. ఎలా మానాలన్నది తెలియాలి.

అలమారలో ఉన్నది ఏది?

స్ట్రిప్పు వెనక కంపెనీ పెట్టిన పేరుతో పాటు చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. అది ఆల్‌ప్రజోలామ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్, డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్, నైట్రాజెపామ్, క్లోబజామ్ – వీటిలో ఒకటైతే బెంజోడయాజెపైన్ అనే కుటుంబానికి చెందినదన్న మాట. ఆల్‌ప్రాక్స్, రివోట్రిల్, అటివాన్, వాలియం, లిబ్రియం అన్న పేర్లు మనలో చాలామంది విన్నవే. ఎటిజోలామ్, జోల్పిడెమ్ అనేవి రసాయనంగా కొంచెం వేరైనా మెదడులో పనిచేసే చోటు ఇంచుమించు ఇదే. వాటిని మానడానికీ ఇవే జాగ్రత్తలు కావాలి.

కొన్నిసార్లు మందు మరో మందు చాటున ఉంటుంది. కడుపు నొప్పికి, గ్యాసుకు అని ఇచ్చే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిసి ఉంటుంది. దిగులుకు ఇచ్చే ఎసిటలోప్రామ్‌తో క్లోనాజెపామ్, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనలాల్‌తో ఎటిజోలామ్ లేదా ఆల్‌ప్రజోలామ్ కలిపిన బిళ్ళలు మన బజార్లో మామూలే. “నేను నిద్రమాత్రలు వాడను, కడుపు మాత్రే” అనే వారు కూడా ఒకసారి స్ట్రిప్పు తిప్పి చూసుకోవాలి. చత్వారం ఉన్న పెద్దలకు ఆ అక్షరాలు కనిపించవు, పిల్లలు చదివి పెట్టాలి. ఇలాంటి జోడు మాత్రను విరిస్తే రెండు మందులూ తగ్గిపోతాయి. కాబట్టి తగ్గించేముందు రెంటినీ విడివిడిగా రాయమని డాక్టరును అడగాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫిట్స్ వ్యాధికి క్లోబజామ్, క్లోనాజెపామ్ వాడుతున్నవారికి ఈ వ్యాసం వర్తించదు. వాళ్ళు నరాల డాక్టరు చెప్పనిదే ఒక్క పూట కూడా మానకూడదు.

ఈ మాత్రల పుట్టుక

స్విట్జర్లాండుకు చెందిన రోష్ కంపెనీ అమెరికా శాఖలో, న్యూజెర్సీ రాష్ట్రంలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ కుటుంబంలో మొదటి మందును కనుగొన్నాడు. లిబ్రియం పేరుతో అది 1960లో బజారుకు వచ్చింది. 1963లో వాలియం వచ్చింది. అంతకు ముందు వాడుకలో ఉన్న బార్బిట్యురేట్ల మోతాదు కాస్త మించినా ఊపిరి ఆగిపోయేది. వాటితో పోలిస్తే ఇవి ఎంతో నయం. డాక్టర్లు సంతోషించారు. 1969 నుంచి 1982 దాకా అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన మందు వాలియమే.

అయితే ప్రమాదం సంగతి మొదట్లోనే బయటపడింది. 1961లోనే లియో హోలిస్టర్ అనే అమెరికన్ వైద్యుడు, పెద్ద మోతాదులో నెలల తరబడి లిబ్రియం మందు తీసుకున్న 11 మందికి దాన్ని ఆపి చూస్తే 10 మందిలో బాధలు కనిపించాయని, ఇద్దరికి ఫిట్స్ వచ్చాయని రాశాడు. ఆ హెచ్చరికను ప్రపంచం పట్టించుకోవడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. బ్రిటన్‌లో మందుల భద్రతా సంఘం 1988 జనవరిలో ఈ మాత్రలను రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయవద్దని డాక్టర్లకు చెప్పింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబరులో ఈ కుటుంబం మందులన్నిటి సమాచార పత్రాల్లో అలవాటు, మానేటప్పటి ప్రమాదం గురించి నల్లగీతల చట్రంలో హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. మన దేశంలో ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, జోల్పిడెమ్ వంటివి 2014 మార్చి 1 నుంచి హెచ్-1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో షాపువారు రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. నియమం ఉంది. గల్లీ చివరి షాపులో అది ఎంతవరకు అమలవుతోందో పాఠకులకే తెలుసు.

కళ్ళెం సడలితే

మెదడులో గాబా అనే రసాయనం ఉంది. నాడుల ఉరుకులాటకు అది కళ్ళెం లాంటిది. ఈ మాత్ర ఆ కళ్ళేన్ని మరింత బిగించి పట్టుకుంటుంది, అందుకే దడ తగ్గి కన్ను మూతపడుతుంది. కొన్ని వారాలు గడిచేసరికి మెదడు ఈ బయటి సాయానికి అలవాటు పడి తన సొంత పట్టు సడలించుకుంటుంది. మొదట్లో అరబిళ్ళతో పట్టిన నిద్ర ఇప్పుడు పూర్తి బిళ్ళకు గాని పట్టదు. ఆ స్థితిలో మాత్ర ఒక్కసారిగా ఆపితే బయటి పట్టూ లేదు, లోపలి పట్టూ లేదు. చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వాంతి వచ్చేట్టు ఉండడం, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, వెలుతురు కళ్ళలో గుచ్చుకోవడం, చర్మం మీద చీమలు పాకినట్టు ఉండడం – ఇవన్నీ అందువల్ల వచ్చేవే. ముదిరితే లేనివి కనిపించడం, మాట తడబడడం, ఫిట్స్.

ఇందులో మనిషి మంచిచెడ్డలకు సంబంధం లేదు. మనలో కొందరికి ఈ మాట రుచించకపోవచ్చు గాని, తెలంగాణ కల్తీ కల్లులో కలిపేదీ ఈ డయాజెపామే, ఈ ఆల్‌ప్రజోలామే. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు కట్టారు. వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్. కల్లు ఎన్నడూ ముట్టని, అయిదు పూటలా నమాజు చేసే ఇల్లాలు డాక్టరు రాసిన మాత్రను ఏళ్ళ తరబడి వేసుకుని ఠక్కున ఆపినా ఆమె మెదడు పడే అవస్థ అదే రకం. చికిత్స కోసం వైద్యుడు రాసిన మందును సరదాకు తాగే మత్తుతో జమకట్టరు. శరీరం అలవాటు పడడం వేరు, వ్యసనపరుడు కావడం వేరు. ఇంట్లో ‘మందుకు బానిస’ అన్న మాట వాడవద్దు. ఆ మాట విన్నవారు దాచుకుని వేసుకోవడం మొదలుపెడతారు, లేదా రోషంతో ఒక్కరోజులో మానేస్తారు. రెండూ చేటే.

మరైతే మానడమెందుకు, ఉన్నంతకాలం వేసుకుంటే పోలా అని అడిగేవారున్నారు. వయసు మీద పడేకొద్దీ ఈ మందు శరీరంలోంచి నెమ్మదిగా పోతుంది. రాత్రి పదింటికి వేసుకున్న మాత్ర మత్తు సెహరీ వేళకు, ఫజ్ర్ వేళకు ఇంకా ఉంటుంది. చీకట్లో లేచి వుజూకు వెళ్ళే దాదీమా తడి గచ్చు మీద తూలి పడేది అప్పుడే. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. మతిమరుపు, పగటి మందకొడితనం సరేసరి. నొప్పులకు ట్రమడాల్, దగ్గుకు కోడీన్ సిరప్ వంటివి దీనితో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణాపాయం.

దిగే లెక్క

ఈ మాత్రలు మానిపించే విద్యను ఒక క్రమంలో పెట్టినది ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పనిచేసిన ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్. 1982 నుంచి 1994 దాకా ఆమె ఇందుకోసమే ఒక క్లినిక్ నడిపి సుమారు 300 మందికి వైద్యం చేశారు. వాళ్ళ అనుభవాల నుంచే ఆమె రాసిన కరదీపిక ఈనాటికీ వాడుకలో ఉంది. 2019లో ఆమె కన్నుమూశారు. ఆమె చెప్పినదాంట్లో ముఖ్యమైనవి మూడు సంగతులు: నెమ్మదిగా తగ్గించాలి, వేగాన్ని రోగే నిర్ణయించుకోవాలి, అవసరమైతే త్వరగా దిగిపోయే మాత్రనుంచి నిలకడగా ఉండే డయాజెపామ్‌కు మార్చి అప్పుడు తగ్గించాలి.

ఈ మార్పిడి ఎందుకంటారా? రక్తంలో ఆల్‌ప్రజోలామ్ సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు, లోరాజెపామ్‌కు సుమారు 12 గంటలు పడుతుంది. అంటే రెండు మోతాదుల మధ్యలోనే శరీరం మళ్ళీ అడగడం మొదలుపెడుతుంది. క్లోనాజెపామ్‌కు 30 నుంచి 40 గంటలు. డయాజెపామ్, అది శరీరంలో మారి ఏర్పడే పదార్థం కలిసి రోజుల తరబడి నిలుస్తాయి. దిగేటప్పుడు కుదుపు తక్కువ.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. “నాది అర మిల్లీగ్రామే కదా, పక్కింటి ఖాలాది 5 మిల్లీగ్రాములు” అని ధీమా పడతారు. ఆష్టన్ పట్టిక ప్రకారం 0.5 మి.గ్రా. ఆల్‌ప్రజోలామ్, 0.5 మి.గ్రా. క్లోనాజెపామ్, 1 మి.గ్రా. లోరాజెపామ్ – ఒక్కొక్కటీ సుమారు 10 మి.గ్రా. డయాజెపామ్‌కు సమానం. అంటే ఖాలా వేసుకునేదానికి మీది రెట్టింపు. వేరే పట్టికల్లో ఈ లెక్క కొంత తేడాగా ఉంటుంది, పైగా మనిషి వయసు, కాలేయం స్థితిని బట్టి మారుతుంది. అందువల్ల ఈ మార్పిడి డాక్టరు చేయవలసిన పనే. షాపువాడిని అడిగి చేసుకునేది కాదు.

అమెరికాలోని వ్యసన వైద్యుల సంఘం మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి 2025లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించాలి. ఎంత తొందర ఉన్నా రెండు వారాల్లో 25 శాతానికి మించకూడదు. ‘అప్పటి మోతాదులో’ అన్న మాట గమనించండి. మోతాదు చిన్నదయ్యేకొద్దీ మెట్టూ చిన్నదవుతుంది.

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ. డాక్టరు ఒకరిని రోజుకు 10 మి.గ్రా. డయాజెపామ్ మీద నిలిపారనుకోండి. మొదటి మెట్టు 9 మి.గ్రా. – ఒక 5, రెండు 2 మిల్లీగ్రాముల బిళ్ళలు. రెండు వారాలు అక్కడే ఉండి నిద్ర, వణుకు కుదుటపడితే 8. ఇలా 5 మిల్లీగ్రాముల దాకా వచ్చేసరికి పది వారాలవుతుంది. అక్కడి నుంచి అర మిల్లీగ్రాము చొప్పున దిగితే మరో ఇరవై వారాలు. మొత్తం ఏడు నెలలు. కొందరికి ఏడాది పట్టినా తప్పు లేదు. పదేళ్ళు ఎక్కిన మెట్లు ఏడాదిలో దిగడం ఆలస్యమేమీ కాదు. అదే క్లోనాజెపామ్ 0.5 బిళ్ళతో నేరుగా దిగాలంటే 0.25 బిళ్ళను సగం చేసినా దొరికే చిన్న ముక్క 0.125. ఒక్క మెట్టుకే 25 శాతం తగ్గిపోతుంది. చిన్న బిళ్ళల విషయంలో ఇబ్బంది ఇదే. ఈ అంకెలు చూసి ఎవరికి వారు లెక్క వేసుకోవద్దు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆయన చెప్పేది అర్థం కావడానికి ఇవి పనికొస్తాయి.

మనవాళ్ళు సొంతంగా చేసే ప్రయోగాల్లో మొదటిది రోజు విడిచి రోజు వేసుకోవడం. తగ్గిస్తున్నామనే అనుకుంటారు, నిజానికి రోజు మార్చి రోజు శరీరాన్ని కుదిపినట్టవుతుంది. త్వరగా దిగిపోయే మాత్రలతో ఇది మరీ చెడ్డది. ఏ రోజైనా మోతాదు ఒకేలా ఉండాలి, ఒకే వేళకు పడాలి. బిళ్ళ విరవడానికి మందుల షాపుల్లో చిన్న కట్టర్లు దొరుకుతాయి. కూరగాయల కత్తితో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. పేరు పక్కన ఎస్.ఆర్. అనో ఎక్స్.ఆర్. అనో ఉన్న బిళ్ళలు మందును కొంచెం కొంచెంగా వదిలేవి. వాటిని డాక్టరును అడగకుండా విరవకూడదు, ఏ పరిస్థితిలోనూ నమిలి మింగకూడదు.

మెట్టు దిగిన మూడు నాలుగు రోజులకు కాస్త నిద్ర చెడుతుంది. దిగులుగా ఉంటుంది. ‘పాత జబ్బు తిరగబెట్టింది, ఈ మాత్ర లేకపోతే నేను బతకను’ అనిపించేది సరిగ్గా ఇప్పుడే. ఎక్కువసార్లు అది మోతాదు తగ్గిన ఫలితమే. వారం పది రోజుల్లో నెమ్మదిస్తుంది. తట్టుకోలేకపోతే ఉన్న మెట్టు మీదే మరో నెల ఆగండి. వెనక్కి ఎక్కవలసి వస్తే అదీ డాక్టరుతో మాట్లాడి. మోతాదు, నిద్రపోయిన గంటలు ఒక పాత డైరీలో రాసి పెట్టుకుంటే డాక్టరు ముందు తడుముకోనక్కరలేదు.

ఇది సాధ్యమేనా అన్న అనుమానం పెద్దవాళ్ళకు సహజం. కెనడాలో 65 ఏళ్ళు దాటి ఈ మాత్రలు వాడుతున్న 303 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మందు వల్ల నష్టాలు, మానే మెట్లు బొమ్మలతో వివరించిన చిన్న పుస్తకం ఇచ్చి డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో మాట్లాడమన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ జట్టులో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందని జట్టులో 5 శాతమే. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అర్థమయ్యేట్టు చెప్పేవారుంటే డెబ్బయ్యేళ్ళ వారూ మానగలరన్న మాట.

రంజాన్‌లో ఎలా?

మన ఊళ్ళలో రోజా కాలాన్ని బట్టి పన్నెండు గంటల నుంచి పద్నాలుగున్నర గంటల దాకా ఉంటుంది. రాత్రి ఒక్క పూటే మాత్ర వేసుకునే వారికి వేళ కొద్దిగా మారుతుందే తప్ప పెద్ద చిక్కు లేదు. ఆల్‌ప్రజోలామ్ రోజుకు మూడు పూటలా వేసుకునే వారికి మధ్యాహ్నపు మోతాదు పోతుంది. అస్ర్ వేళకు వణుకు, చిరాకు, దడ మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు ఆకలి వల్ల అనుకుంటారు. పైగా తరావీహ్, సెహరీల మధ్య నిద్ర ముక్కలవుతుంది.

కాబట్టి డాక్టరును కలవడానికి షాబాన్ నెలాఖరు దాకా ఆగకూడదు. రజబ్‌లోనే వెళ్ళి “నేను రోజాలు ఉండాలనుకుంటున్నాను, ఈ మూడు పూటల మందును ఇఫ్తార్‌కు, సెహరీకి సర్దగలరా, లేదా నిలకడగా ఉండే మందుకు మార్చగలరా” అని అడగండి. రెండు నెలల సమయముంటే మార్చడానికి వీలుంటుంది. ఇప్పటికే తగ్గిస్తున్న వారు ఆ నెలలో కొత్త మెట్టు దిగకుండా ఉన్నచోటే నిలవడం మంచిదని నా అభిప్రాయం. నిద్ర వేళలు మారే నెల అది, మరో కుదుపు తోడు చేయనక్కరలేదు. డాక్టరు ఈసారి రోజా వద్దంటే బాధపడవలసింది లేదు. రోగులు తర్వాతి రోజుల్లో ఆ రోజాలు పూర్తి చేసుకోవచ్చన్న వెసులుబాటు సూరె బఖరాలోనే ఉంది. సందేహముంటే మీ మసీదు ఆలిమ్‌నూ అడగండి, డాక్టరు మాట ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పి అడగండి.

ఉమ్రాకు, హజ్‌కు, గల్ఫ్ కొలువులకు వెళ్ళేవారికి మరో చిక్కు. సౌదీ అరేబియాలోనూ, యుఏఈలోనూ ఇవి నియంత్రిత మందులు. సొంత వాడకానికైనా ముందుగా ఆ ప్రభుత్వాల అనుమతి తీసుకోవాలి, డాక్టరు చీటీ, జబ్బు వివరాలు తెలిపే ఉత్తరం దగ్గర ఉండాలి. ఈ సంగతి విమానాశ్రయానికి బయలుదేరేముందు ఎవరో చెబితే భయపడి మాత్రలు ఇంట్లో వదిలి వెళ్ళేవారున్నారు. మక్కాలో రెండో రోజో మూడో రోజో ఫిట్స్ వస్తే పక్కనున్న వారికి కారణం కూడా తెలియదు. టికెట్టు బుక్ చేసిన రోజే ఈ కాగితాల పనీ మొదలుపెట్టాలి.

నిద్ర సంగతి

మాత్ర తగ్గుతున్నకొద్దీ సొంత నిద్రను పిలుచుకోవాలి. నిద్ర వైద్యులు అన్నిటికంటే గట్టిగా చెప్పేది రోజూ ఒకే వేళకు లేవమని. ఫజ్ర్‌కు లేచే అలవాటున్న వారికి సగం పని అయినట్టే. నమాజు చేసుకుని మళ్ళీ ముసుగుతన్ని పదింటి దాకా పడుకుంటే మాత్రం ఆ లాభం పోతుంది. మధ్యాహ్నం కునుకు ఇరవై ముప్పై నిమిషాలు చాలు. ఇషా తర్వాత ఇరానీ చాయ్ మన హైదరాబాదు వారు మానలేరు గాని, ఈ కొన్ని నెలలు అస్ర్‌తోనే ఆఖరి చాయ్ సరిపెట్టుకోవాలి. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చుని తస్బీహ్ చేసుకోండి, కన్ను బరువెక్కాకే మళ్ళీ పడుకోండి. నిద్రలేమికి, ఆందోళనకు మందు లేకుండా మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. పెద్ద ఆస్పత్రుల్లో మానసిక నిపుణులు చేస్తారు. తగ్గించే నెలల్లో అది తోడుంటే దారి తేలికవుతుంది.

సాయా కాదు

ఒక్కసారిగా మందు మానిన మనిషి రాత్రిళ్ళు గోడ మీద నీడలు కనబడుతున్నాయంటాడు. ఎవరో పిలిచినట్టుందంటుంది. ఒళ్ళంతా చెమటలు, కళ్ళు పెద్దవి చేసి చూపులు. మన ఇళ్ళలో ఇలాంటప్పుడు మొదట వచ్చే మాట “సాయా పడింది”. ఆమిల్ దగ్గరికో దర్గాకో తీసుకుపోతారు. అక్కడ గడిచిపోయే రెండు రోజులే వైద్యానికి కీలకమైనవి. త్వరగా దిగిపోయే మాత్రలు ఆపితే ఫిట్స్ సాధారణంగా మొదటి మూడు రోజుల్లో రావచ్చు. నిలకడ మందులైతే వారం దాటాకా రావచ్చు. దువా చేయండి, చేయించండి. అంతకంటే ముందు గత రెండు వారాల్లో ఏ మాత్ర ఆపారో కనుక్కుని, ఖాళీ స్ట్రిప్పు చేతబట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. ఆ స్ట్రిప్పు చూస్తే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది.

ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవులు, ముక్కు దగ్గర చెప్పు – ఇవేవీ వద్దు. నీళ్ళు పోయవద్దు. 108కి ఫోన్ చేయాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే, ఆగి మళ్ళీ వస్తే పరిస్థితి విషమించినట్టే.

వెనక ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవారు, మద్యం కూడా అలవాటున్నవారు, రోజుకు పెద్ద మోతాదు వేసుకునేవారు, గర్భిణులు ఇంట్లో ఉండి సొంతంగా తగ్గించే ప్రయత్నం అసలే చేయకూడదు. కొందరిని కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచవలసి వస్తుంది. మిగతావారికి మందు రాసిన డాక్టరే నెమ్మదిగా తగ్గించగలరు. ఆయనకు తీరిక లేకపోతే మానసిక వైద్య నిపుణుల దగ్గరికి వెళ్ళాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ‘ఎర్రగడ్డకు పోవడమా, నలుగురూ ఏమంటారు’ అని జంకే వారికి ఫోన్ దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్ళ పని ఒక్కటే. వారానికి సరిపడా మాత్రలు డాక్టరు చెప్పిన లెక్కన డబ్బీలో సర్ది ఇవ్వడం, నెల మందు అయిపోవడానికి వారం ముందే చీటీ తెచ్చి పెట్టడం. షాపులో లేదన్న మాట ఆదివారం రాత్రి తెలిస్తే ఆ వారం కష్టమంతా పోతుంది. రోజూ “ఎంత తగ్గించారు, ఎంత తగ్గించారు” అని అడగనక్కరలేదు.

ఆఖరి ముక్క మానాక కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు నిద్ర అటూ ఇటూ అవుతుంది. మధ్యలో ఒక చెడ్డ రాత్రి వస్తే అలమారలో మిగిలిన స్ట్రిప్పు మీదికి చేయి పోతుంది. పక్కింటి భాబీ నిద్ర పట్టడం లేదని ఒక బిళ్ళ అడగనూవచ్చు. అందుకని మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంచవద్దు. మందుల షాపువారు వెనక్కి తీసుకోకపోతే స్ట్రిప్పులోంచి తీసి, వడగట్టిన చాయ్ పొడిలో కలిపి, కవరులో మూటగట్టి చెత్తబండిలో వేయండి.